జనార్ధనరావు గారు చేరిన రోజు ఏది?

శ్రీ జనార్ధనరావు గారు మన సంస్థలో 2003వ సంవత్సరం నవంబరు 17వ తేదీ, సోమవారం నాడు నెట్‌వర్క్ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. ఈ వాక్యాన్ని నేను సిబ్బంది రికార్డులు చూసి రాశాను. చూసిపెట్టమని ఆయనకు పంపితే, పదిహేడు కొట్టేసి పక్కన పంతొమ్మిది అని రాసి తిప్పి పంపారు. కంట్రోల్ రూమ్ గోడమీది క్యాలెండరులోనూ పంతొమ్మిదే ఉంది. ఆయన స్వహస్తాలతో సంతకం చేసిన నియామక పత్రంలో మాత్రం స్పష్టంగా పదిహేడు. అభినందన వ్యాసం చేరిన తేదీతో మొదలుకావడం ఆనవాయితీ కాబట్టి, నేను మొదటి వాక్యంలోనే తికమకపడి రెండు రోజులు అక్కడే ఆగిపోయాను.

ఆయనను గురించి రాయడానికి నాకున్న అర్హత కూడా నాకు సరిగా అర్థం కాలేదు. ఆయన ఇరవై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో నేను చూసింది చివరి రెండేళ్ళే. ఆయనను ఏమని పిలవాలో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. ఆఫీసంతా ‘జాన్’ అంటారు, నాకు నోరు రాదు. ‘అంకుల్’ అంటే ఆయన ఒప్పుకోరు. చివరికి ‘సార్’ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. ఈ సంచికలో ఎవరి మాతృభాషలో వారు రాయవచ్చునని సంపాదక వర్గం అన్నందువల్ల, ఆయన సతీమణి శ్రీమతి అన్నపూర్ణ గారు తీరిగ్గా చదువుకుంటారన్న ఆశతో తెలుగులో రాస్తున్నాను.

కాకినాడలో ఇంజనీరింగ్ విద్య పూర్తిచేసి, హైదరాబాదులో టెలిఫోన్ల రంగంలోనూ, అటుపైన హ్యూస్టన్‌లోనూ పనిచేసి, నలభై అయిదేళ్ళ వయసులో హాలిఫాక్స్ చేరుకున్న జనార్ధనరావు గారు వచ్చేనాటికి మన సంస్థకున్నవి ఒక్క కొండ మీద మూడు గాలిమరలు. నేడు తొమ్మిది కొండల మీద నూట నలభై ఉన్నాయి. ఏ కొండ మీదా కాపలాకైనా మనిషి లేడు. హార్బరు పక్కన ఒక గదిలో కూర్చుని, ఎక్కడ ఏ గాలి వీస్తోందో, ఏ రెక్కకు మంచు పట్టిందో, ఏ మరలో నూనె వేడెక్కిందో మనం తెలుసుకోగలుగుతున్నామంటే, ఆ గదికీ ఆ కొండలకూ మధ్య దారి వేసినవారు ఆయనే. రోజూ డార్ట్‌మత్ నుంచి ఫెర్రీ పడవలో హార్బరు దాటి, చేతిలో పెరుగన్నం డబ్బాతో, అందరికంటే ముందు వచ్చేవారు.

ఆయన మాకు నేర్పిన నియమం ఒక్కటే. కొండమీది రూటరులో ఏ చిన్న మార్పు చేసినా ముందుగా పది నిమిషాల టైమరు పెట్టాలి. మార్పు తప్పయి మన సంబంధం తెగిపోతే, పది నిమిషాల తరువాత రూటరు దానంతట అదే పాత పద్ధతికి తిరిగి వస్తుంది. టైమరు పెట్టకపోతే, తలుపుకు లోపలి గడియ వేసి మనం బయట నిలబడ్డట్టే. లోపల గడియ తీయడానికి ఎవరూ ఉండరు.

నేను 2022 సెప్టెంబరు 12న పార్ట్ టైమ్ విద్యార్థినిగా ఇక్కడ చేరాను. ఆ ఏడాది హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. ఒక్కో బేస్‌మెంట్‌లో అయిదారుగురం సర్దుకునేవాళ్ళం, కాఫీ షాపులో ఒక ఖాళీ ఉందంటే రెజ్యూమెలు పట్టుకుని ముప్పై మందిమి వరుసలో నిలబడేవాళ్ళం. అలాంటప్పుడు చదివిన చదువుకు తగిన పని నాకూ, కిరీటి అనే మరో విద్యార్థికీ దొరికింది. మార్చిలో మా ఇద్దరిలో ఒకరినే పర్మనెంట్ చేస్తామని మేనేజర్ హెదర్ ముందే చెప్పారు. ఆ ఒక్కరు నేను కాకపోతే మళ్ళీ ఆ వరుసలోకే వెళ్ళాలి, ఈ దేశంలో శాశ్వత నివాసానికి కావలసిన పీఆర్ మాట మరచిపోవాలి.

ఫిబ్రవరి 23న, మధ్యాహ్నం కాలేజీలో సబ్మిషన్ ఉందన్న తొందరలో, ట్రూరో అవతలి కొండమీది రూటరు చిరునామా మార్చాను. టైమరు పెట్టలేదు. ఒక అంకె తప్పు పడింది. సంబంధం తెగితే మరలు వాటంతట అవే ఆగిపోయే ఏర్పాటు ఉన్నందున, చూస్తుండగానే స్క్రీన్ మీద పద్నాలుగు మరలూ ఒక్కొక్కటిగా బూడిద రంగులోకి మారిపోయాయి.

“టైమర్ పెట్టావా అమ్మా?” అన్నారు సార్.

“లేదు సార్. మర్చిపోయిన.”

ఆయన కోప్పడలేదు. కోటు తీసుకుని కారు తాళాలు అందుకున్నారు. రెండు గంటల ప్రయాణంలో దారి గురించి తప్ప మరో మాట లేదు. కొండమీద మంచు దుమారంగా లేస్తోంది. రూటరున్న గది ముందు కారు ఆపి, ఇంజన్ ఆపకుండా, “వెళ్ళు” అన్నారు.

“నాకు ఒక్కదానికి రాదు సార్. మీరు గూడ రండి.”

“నేను దిగను. పాడుచేసింది నువ్వు కదా, ఎక్కడ చేశావో నీకే తెలుస్తుంది. వెళ్ళు.”

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి వేడి కారులో కూర్చుని, ఆరు నెలలైనా నిండని పిల్లను ఆ మంచులోకి పంపడం ఏమి న్యాయమో నాకు బోధపడలేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే లాప్‌టాప్ తీసి రూటరుకు తీగ కలిపాను. మొదటిసారి కుదరలేదు, రెండోసారీ కుదరలేదు. నలభై నిమిషాలకు పద్నాలుగు మరలూ ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా కదిలాయి. తిరిగి వచ్చి కూర్చుంటే పెరుగన్నం డబ్బా నా చేతిలో పెట్టారు. శభాష్ అని కూడా అనలేదు.

మర్నాడు లాగ్‌బుక్‌లో ఆయన రాసింది చూశాను. ఉదయం 10:40కి తేజశ్రీ వల్ల సంబంధం తెగింది, మధ్యాహ్నం 1:35కి తేజశ్రీ పునరుద్ధరించింది. ఇంతే. తాను వచ్చినట్టు కూడా లేదు. నా పేరు దాచి ఉండవచ్చు కదా అని ఆ రోజంతా ఆయన ముఖం చూడలేదు. హెదర్ అది చదివి, తిరిగి తెచ్చింది నువ్వేనా అని ఒక్క ప్రశ్న అడిగారు. అవునన్నాను. మార్చిలో ఉద్యోగం నాకు ఇచ్చారు. కొండను పోగొట్టినదాన్ని ఎందుకు ఉంచుకున్నారో నాకు అర్థం కాలేదు. కిరీటి సస్కటూన్‌లో మంచి ఉద్యోగంలో స్థిరపడ్డాడని విన్నాక గాని నా మనసు కుదుటపడలేదు.

మన కంట్రోల్ రూమ్‌లో ఏటా ఎవరు చేరిన రోజున వారికి కేకు కోసే అలవాటుంది. ఆ తేదీలు గోడ క్యాలెండరులో జనార్ధనరావు గారే రాస్తారు. నా పేరు ఫిబ్రవరి 23 కింద ఉంది. సెప్టెంబరు అని రెండుసార్లు చెప్పాను. తల ఊపారు, మార్చలేదు. పెద్దవారు కదా, మరపు అనుకున్నాను.

ఇక ఈ వ్యాసం ముందుకు సాగక, పోయిన ఆదివారం అన్నపూర్ణ గారికి ఫోన్ చేసి, పదిహేడా పంతొమ్మిదా అని అడిగాను. ఆవిడ నవ్వారు. ఆ రోజుల్లో కొండకు టెలిఫోన్ మోడెమ్ ఒక్కటే ఆధారమట. చేరిన రోజునే ఈయన, ఫోన్ మోగితే ఎత్తవలసిన ఆ మోడెమ్‌కు ఎత్తవద్దని ఇక్కడి నుంచే ఆదేశం ఇచ్చేశారట. ఇక ఎవరు ఎన్నిసార్లు చేసినా అది ఎత్తలేదు. రెండు రోజులు మంచుకు దారి మూసుకుపోయింది.

“పంతొమ్మిదిన వాళ్ళ ఆఫీసు పెద్దాయన ట్రక్కులో తీసుకెళ్ళి, తను దిగలేదటమ్మా. ఈయనే వెళ్ళి బాగుచేసుకొచ్చారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన, నువ్వు ఉద్యోగంలో చేరింది ఇవాళ అన్నాడట. అప్పట్నుంచీ ఈయనకి అదే తారీఖు.”

ఆవిడే మళ్ళీ అన్నారు.

“నిన్ను తీసుకెళ్ళిన రోజు ఇంటికొచ్చి ఎడం చెయ్యి పట్టేసిందన్నారు. నువ్వు లోపలున్నంతసేపూ కారు తలుపు పిడి వదల్లేదట.”

అందుచేత సంపాదక వర్గానికి నా మనవి. పై తొలి వాక్యంలో 17ను దయచేసి 19గా, సోమవారాన్ని బుధవారంగా సవరించండి. వ్యాసం చివర రచయిత్రి చేరిన తేదీ వేసేచోట 2023 ఫిబ్రవరి 23 అని వేయండి.

రేపు జూన్ 28న పదవీ విరమణ చేయనున్న శ్రీ జనార్ధనరావు గారికి సహోద్యోగులందరి పక్షాన నా నమస్సులు. జూలైలో చాందిని అనే కొత్త విద్యార్థిని నా దగ్గర చేరుతోంది. ఏదో ఒక రోజు ఆ అమ్మాయి కూడా ఒక కొండను పోగొడుతుంది, నేను కారు నడుపుతాను. దిగకుండా కూర్చోగలనో లేదో నాకు తెలియదు. ఆ రోజుకూ, ఆ తరువాత అనేకానేక సంవత్సరాలకూ తాము సంపూర్ణ ఆరోగ్యంతో, శ్రీమతి అన్నపూర్ణ గారితో కలిసి, ఆ ఎడమ చేతికి ఏ శ్రమా లేకుండా సుఖంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. కారులోంచి ఫోన్ చేస్తాను సార్. ఎత్తండి.