స్టెఫానియా కారు ఎందుకు స్టార్ట్ కాలేదంటే

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ లోర్నా కోవల్‌చుక్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కిందున్న మిత్రులకు, కాఫీ పాత్ర దగ్గరే కాపురం పెట్టిన వెనక వరుసవారికి నమస్కారం.

నా పదవీ విరమణ సభ కదా, నా గురించి ఇప్పటిదాకా చాలామంది మాట్లాడారు. వాళ్లు చెప్పిన మహానుభావుణ్ణి నేనెప్పుడూ కలవలేదు. ఇదే ఊళ్లో ఉంటే ఎవరైనా పరిచయం చెయ్యండి. (నవ్వులు) రేపటి నుంచి మా ఆటో ఎలక్ట్రికల్ విభాగానికి పెద్ద కాబోతున్న డార్సీ ఫ్రీసెన్, నేను మితభాషినని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నిలబెట్టుకోవాలనే ఉంది. కానీ ఇవాళ ఒక విషయం తేల్చాలి.

మీరు నాకొక కానుక ఇస్తున్నారు. సోమవారం పొద్దున లారీ వచ్చి, మా ఇంటి ముందు నిలిచిపోయిన నా భార్య స్టెఫానియా కారును ఎత్తుకొచ్చి మన వర్క్‌షాపులో దించుతుందని, పిల్లలు దాన్ని ముక్కలుగా విప్పి పని నేర్చుకుంటారని, ఆ విధంగా ఆమె పేరు కలకాలం నిలుస్తుందని ప్రిన్సిపాల్ గారు ఇందాక ప్రకటించారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్యాద కదా.

అయితే ఆ కారు చచ్చిందని ఎవరు తేల్చారు?

స్టెఫానియా జనవరిలో పోయింది. ఆసుపత్రి నుంచి ఆ కారును నేనే ఇంటికి తెచ్చాను. అంత్యక్రియల రోజు పొద్దున తాళం తిప్పితే టిక్‌మంది. అంతే. మా మరదలు రోసాలీ తన వ్యాను వేసుకొచ్చి, "బావా, ఎక్కు. చర్చిలో అందరూ కూర్చున్నారు. ఆ డబ్బాతో తరవాత పోట్లాడుకుందువుగాని" అంది. ఎక్కాను.

మన మానిటోబాలో చావింటికి క్యాసరోల్ వండి తెస్తారు. మాది ఎలక్ట్రికల్ మాస్టారి ఇల్లు కాబట్టి మీరు క్యాసరోల్‌తో పాటు బ్యాటరీ కూడా తెచ్చారు. మొదటిది డార్సీ తెచ్చాడు. "చలికి పోయింది సార్. మైనస్ ముప్పైలో అది మాత్రం ఏం చేస్తుంది, పాపం!" అన్నాడు. బిగించాడు, కారు కదిలింది, అలా ఊరు చుట్టి వచ్చాం. రెండు రోజులాగితే మళ్లీ టిక్. తరవాత టెర్రీ చార్‌ట్రాండ్ వచ్చాడు. నా దగ్గరే చదివి, ఇప్పుడు ఊళ్లో పెద్ద గ్యారేజీ నడుపుతున్నాడు. "ఆల్టర్నేటర్ పోయింది మాస్టారూ, బ్యాటరీకి ఛార్జి ఎక్కట్లేదు. కళ్లు మూసుకుని చెప్తా" అన్నాడు. కళ్లు మూసుకునే మార్చాడు కూడా. (నవ్వులు) ఆ తరవాత స్టార్టర్ మార్చాడు. ఆ తరవాత ఇంకో బ్యాటరీ. ఇరుగుపొరుగువారు నేను చూడకుండా వచ్చి, ఇంజిన్ హీటరు తీగను మా గోడ ప్లగ్గుకు తగిలించి వెళ్లేవారు. ఇంజిన్ వెచ్చగా ఉండేది. కారు మాత్రం లేచేది కాదు. మార్చిలో మంచు కరిగింది, మే నెలలో చెట్లు చిగిర్చాయి, అప్పుడు కూడా టెర్రీ ఏమన్నాడో తెలుసా? "లోపల ఇంకా కాస్త చలి ఉండిపోయిందేమో మాస్టారూ." (పెద్దగా నవ్వులు)

మీలో సగం మంది నా శిష్యులు. మొదటిరోజు నేను బోర్డు మీద రాసే మాట ఒక్కటే: ముందు కొలువు, తరవాత చెయ్యి పెట్టు. ఇంతమందిలో ఒక్కరూ కరెంటు కొలిచే మీటరు బయటికి తియ్యలేదు. నా బోధన మీ మీద చెరగని ముద్ర వేసిందని ప్రిన్సిపాల్ గారు ఇందాక అన్నది ఇందుకే అయివుంటుంది.

"మరి నువ్వెందుకు కొలవలేదు?" అన్నట్టు ముందు వరుసలోంచి రోసాలీ చూస్తోంది.

కొలిస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. నాకు తొందర లేకపోయింది.

లారీ సంగతి వారం కిందటే చెవిన పడింది. అప్పుడు తొందర వచ్చింది. బ్యాటరీకీ దాని తీగకూ మధ్య మీటరు పెట్టి, తలుపులన్నీ వేసి, కారు నిద్రపోయేదాకా ఆగాను. నిద్రపోయిన కారు కరెంటు తాగకూడదు. ఇది తాగుతోంది. బానెట్ కింది ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఒకదాని దగ్గర మీటరు ముల్లు సున్నాకు పడిపోయింది. అది లోపలి చిన్న దీపాల ఫ్యూజు. వెళ్లి అద్దంలోంచి చూశాను. పక్క సీటు ముందుండే అర మూత వేసినట్టే ఉంది కానీ, వేలు పట్టేంత సందు ఉంది. సందులోంచి పచ్చటి వెలుగు. మూత గట్టిగా పడితేనే ఆరే లోపలి దీపం రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది.

మూత తీశాను. నిండా కాగితపు నాప్‌కిన్లు. డోనట్ దుకాణంలో ఎప్పుడు కాఫీ తాగినా స్టెఫానియా గుప్పెడు పట్టుకొచ్చేది. ఎందుకే అంటే, "ఊరికే ఇచ్చేవి వద్దనేంత చదువు నేను చదవలేదులే" అనేది. అర కిక్కిరిసి మూత గట్టిగా పట్టదు. గతుకుల్లో ఊడి వస్తుంది.

అలాగైతే ఆమె నడిపినన్నాళ్లూ బ్యాటరీ ఎందుకు దిగిపోలేదు? ఇదీ ప్రశ్న. డార్సీ, రాసుకో. (నవ్వులు)

కారు ఆపి తాళం తియ్యగానే, పక్కకు వంగి, ఆ మూత మీద పిడికిలితో ఒక్కటిచ్చేది. ప్రతిసారీ. నాకు నవ్వొచ్చేది. "ఎలక్ట్రికల్ మాస్టారి పెళ్లానివి, యంత్రాన్ని కొడతావా?" అంటే, "నీ పాఠాలు నీ పిల్లలకు చెప్పుకో. దీనికి ఈ పాఠమే ఎక్కుతుంది" అనేది.

ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నేను ఇంటి ముందు ఆపి, దిగి, లోపలికి వెళ్లిపోయాను.

కాబట్టి నా చివరి నివేదిక ఇది. బ్యాటరీ బాగుంది. మొదటిదీ బాగానే ఉండేది. ఆల్టర్నేటర్, స్టార్టర్ బాగున్నాయి, తీసేసినవి ఇంకా బాగున్నాయి. రోజూ పడాల్సిన దెబ్బ ఒకటి పడలేదు. అంతే.

ప్రిన్సిపాల్ గారూ, లారీ వద్దని చెప్పండి. నేనివాళ ఆ కారులోనే వచ్చాను. ఆ నాప్‌కిన్లు తీసేస్తే సరిపోతుంది కదా అని టెర్రీ లేవబోతున్నాడు. కూర్చో నాయనా. అవి అక్కడే ఉంటాయి. (నవ్వులు)

మీటరు తియ్యకుండా మీరు చేసినవాటికి, బ్యాటరీలకు, క్యాసరోళ్లకు, చీకట్లో వచ్చి తీగ తగిలించిన చేతులకు, అందరికీ కృతజ్ఞతలు.

ఇందాక కారు ఆపి, పక్కకు వంగి ఒకటిచ్చి వచ్చాను. నాకింకా చెయ్యి తిరగలేదు, మూత సరిగ్గా పడిందో లేదో వెళ్లి చూసుకోవాలి. సెలవు.