అల్లుడుగారి చోటు

(ఓడ వెనక వైపు, తాళ్లు దాచే గది. సాయంత్రం నాలుగున్నర దాటింది. డ్రిల్లులో సముద్రంలోకి విసిరే మనిషి బొమ్మను, నీళ్లోడుతుండగానే, చంకలో ఇరికించుకుని డెక్ చీఫ్ లోపలికి వచ్చాడు. తాళ్ల చుట్ట మీద ఒక నావికుడు కూర్చుని ఉన్నాడు.)

"లే అంటుంటే. అది అల్లుడుగారి చోటు."

"పక్కన పడెయ్యండి చీఫ్. బొమ్మేగా."

"బొమ్మ అనకు, అలుగుతాడు. పనీ పాటా లేదు, తిండి ఖర్చు లేదు, నీళ్లలో పడ్డాడంటే చాలు ఓడంతా పరిగెత్తుకెళ్లి తెస్తుంది. అల్లుడు కాక మరెవరు? కాస్త జరిగి ఆ కాళ్లు పట్టుకో."

"బరువెక్కాడు."

"నీళ్లు తాగాడు పాపం. మెల్లగా... తల, తల తగుల్తుంది. ఆఁ, అక్కడ. ఇప్పుడు చెప్పు. ఎప్పట్నుంచి ఉన్నావిక్కడ?"

"ఇప్పుడే వచ్చా."

"ఇప్పుడే అంటే?"

"భోజనాలప్పుడు."

"అది ఇప్పుడా?"

"తాళ్లు చుట్టిపెడదామని వచ్చా."

"చుట్టిన తాడు ఒక్కటీ కనపడదే."

"చుడదామనే వచ్చా చీఫ్. ఎంతసేపు పట్టింది?"

"ఏది?"

"వీణ్ణి పైకి తియ్యడానికి."

"మనకి ఆరున్నర నిమిషాలు. మనతో విన్యాసాలకి వచ్చిన ఆ పరాయి దేశపు ఓడ వాళ్లకి నాలుగు. వాళ్ల ముందు పరువు పోయింది. కెప్టెన్ మొహం చూడాలి, ఆముదం తాగినట్టుంది. నీకు తెలియదా?"

"తెలుసు. మైకులో అంతా విన్నా. మనిషి నీళ్లలో పడ్డాడు, మనిషి నీళ్లలో పడ్డాడు అని మూడుసార్లు. ఆ తర్వాత లెక్కలు."

"ఊఁ."

"ఇంజను వాళ్లు ఇరవై ముగ్గురు, అందరూ ఉన్నారు. వంటవాళ్లు ఆరుగురు, అందరూ ఉన్నారు. డెక్ వాళ్లు పదకొండు మంది, అందరూ ఉన్నారు. ఆ చివరిది మీ గొంతే."

"నా గొంతే."

"నేనిక్కడున్నా చీఫ్."

"చూస్తున్నాగా."

"మీ ముందు నిలబడింది పదిమంది. పదకొండని చెప్పారు."

"నేను తప్పు లెక్క చెప్పలేదు."

"పది పదకొండెలా అవుద్ది?"

"అదలా ఉంచు. అయిదింటికి మళ్లీ పేర్లు పిలుస్తారు. ఈసారి మైకులో కాదు. వాళ్ల ఆఫీసరొకడు మన ఓడెక్కాడు, పేరు పిలిచి మొహం చూసి టిక్కు పెడతాడు. అప్పుడు నువ్వు లేవనుకో, ఇక అది ఆట కాదు. రెండు ఓడలూ ఆగుతాయి, హెలికాప్టర్లు లేస్తాయి, చీకటిపడేదాకా సముద్రం గాలిస్తారు. ఆఖరికి నువ్వు తాళ్ల మధ్య దొరుకుతావు. పదమూడేళ్ల సర్వీసు నీళ్లపాలు."

"లేకపోతే ఏమవుద్దో చూద్దామనే కూర్చున్నా."

"చూశావుగా."

"చూశా. ఏమీ కాలేదు."

"ఏమైందిరా మునీ?"

"ఏం లేదు."

"నీకు ముని అని పేరు ఊరికే పెట్టలేదు మనవాళ్లు."

"ఆ పేరుతోనైనా ఒకడు పిలిచి పదిరోజులైంది."

"నువ్వు నోరు తెరిస్తేగా వాళ్లు పిలిచేది."

"నిజమే. ఈ మధ్య రోజు మొత్తంలో నేను మాట్లాడే మాట ఒక్కటే చీఫ్. పొద్దున పేర్లు పిలిచినప్పుడు, 'ఉన్నాను సార్'. ఇవాళ ఆ ఒక్కటీ మానేసి చూద్దామనిపించింది."

"దాక్కోవడం వరకేనా, ఇంకేమన్నా అనుకున్నావా?"

"ఛ. అంత దూరం పోలేదు."

"ఎంత దూరం పోయావ్?"

"ఈ తాళ్ల దాకా."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"ఈ తాళ్ల దాకే చీఫ్. నిజం."

"సరే. నిన్న ఫోను నీ వంతు కదా. చేశావా ఇంటికి?"

"చేశా."

"ఏమంది మీ ఆవిడ?"

"బాగున్నారంట."

"ఇంకా?"

"అంతే."

"అయిదు నిమిషాలిస్తారు. బాగున్నాం అనడానికి అయిదు నిమిషాలా?"

"ఒక్క నిమిషం ఉండండి, పొయ్యి మీద పాలున్నాయి అని ఫోను బల్ల మీద పెట్టింది."

"తర్వాత?"

"మర్చిపోయింది."

"అరె."

"నేను పెట్టెయ్యలేదు. వింటూ కూర్చున్నా. పాప ఎక్కాలు అప్పజెబుతోంది. ఏడెనిమిదులు యాభై నాలుగంట. యాభై ఆరమ్మా అని అరిచా. ఎవరికీ వినపడలేదు. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినపడింది, నవ్వారు. అక్కడ మా అత్తగారు దేనికో నవ్వింది, మా ఆవిడా నవ్వింది. కుర్చీ జరిపిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు. ఇల్లు ఇల్లులాగే ఉంది చీఫ్. నేను లేకుండానే లెక్క సరిపోతోంది అక్కడ. టైమైపోయి లైను దానంతటదే తెగింది."

"తర్వాత చూసుకుని గుండెలు బాదుకునుంటుంది."

"ఉంటుందేమో. తిరిగి చెయ్యడానికి మన ఓడకి నంబరు లేదుగా. ఆమెని తప్పుపట్టట్లేదు. పదమూడేళ్లుగా ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వెళ్లేవాణ్ణి, ఎంతని గుర్తుపెట్టుకుంటుంది? పోయిన సెలవుకి వెళ్తే పాప, 'ఎప్పుడెళ్తావ్ నాన్నా' అంది. ముద్దుగానే అంది. పొమ్మని కాదు."

"పిల్లలు అంతే."

"అంతే. ఇంట్లో సరిపోయింది, పోనీ ఓడలోనైనా ఒకటి తక్కువ పడుద్దేమో అని చూశా. ఇక్కడా సరిపోయింది. బొమ్మ పడితే రెండు దేశాల వాళ్లు పడవలేసుకుని పోయారు. నాకోసం ఒక్కడు తలుపు తట్టలేదు."

"తడితే ఏమనేవాడివి?"

"ఏం లేదు, తాళ్లు చుడుతున్నా అనేవాణ్ణి."

"అందుకే మరి."

"ఏంటందుకే?"

"ఏం లేదు. ఆ తాడు కొస ఇటందుకో, అల్లుడు జారిపోతున్నాడు."

"ఇందండి. పోనీ నిద్రపోదామంటే అదీ లేదు. బయట ఎవడో గరగరమంటూ తలుపు గీకుతూనే ఉన్నాడు, మూడు గంటలు. మధ్యలో ఆపుతాడు, పోయాడనుకుంటా, మళ్లీ గరగర."

"తుప్పు గీకుతున్నాడేమో. ఓడన్నాక తుప్పు, ఇల్లన్నాక బూజు."

"ఈ రేకుకి అటు వాడు, ఇటు నేను. జానెడు దూరం. దగ్గు కూడా వినపడింది. లోపల మనిషున్నాడేమో చూద్దామని తోచలేదు వాడికి."

"మొద్దు వెధవ అయ్యుంటాడు."

"పోన్లెండి. వాణ్ణెందుకు అనడం."

"ఏడెనిమిదులు యాభై ఆరే కదూ?"

"యాభై ఆరే."

"మరి ఆ పిల్లకి ఎవరు దిద్దుతారు?"

"మళ్లీ నా వంతు వచ్చేసరికి పన్నెండో ఎక్కానికి వస్తుంది."

"రేపు నా వంతు. నువ్వు తీసుకో."

"మీరు మీ ఇంటికి చేసుకోరా?"

"ఎవరికని చెయ్యను? ఆవిడ పోయి నాలుగేళ్లు. మావాడి నంబరు మారింది, కొత్తది చెప్పలేదు."

"మరి వారం వారం వరసలో నిలబడతారు. మాట్లాడతారు కూడా. నేను చూశా."

"టైమెంతయిందో చెప్పే నంబరొకటుంది. అది కొట్టి వింటా. ఆడగొంతు, మర్యాదగా చెబుతుంది. మధ్యమధ్యలో ఊఁ, సరే సరే, ఒంట్లో బాగానే ఉంది అంటుంటా. వరసలో నిలబడకపోతే మీరంతా ఏమైందని అడుగుతారుగా."

"చీఫ్..."

"ఆ చూపొద్దు. ఇంకెవరికీ చెప్పకు, నవ్వుతారు. తీసుకుంటావా లేదా?"

"తీసుకుంటా."

"పాలు పొంగినా పిల్లని పిలవమను. మొదటి మాట యాభై ఆరు. పద, అయిదుకి పది నిమిషాలుంది. మొహం కడుక్కో, తాడు పీచు అంటుకుంది."

"పైవాళ్లకి చెబుతారా?"

"ఏమని? మధ్యాహ్నం లెక్క సరిపోయింది, ఇప్పుడూ సరిపోతుంది. గడప చూసుకో, తడిగా ఉంది."

"ఆగండి. వాడు గీకింది ఈ తలుపేనా?"

"నడువు, టైమవుతోంది."

"ఇదేంటి చీఫ్, పోయిన వారమేగా దీనికి నేను రంగేశాను? రెండు పూతలు వేశా. బంగారంలాంటి రంగంతా ఊడగొట్టాడు మొద్దు వెధవ. దీనికి తుప్పెక్కడుంది?"

"తుప్పు లేదని నాకూ తెలుసురా. లోపల నువ్వున్నావు."