క్లెమెంట్ సీటు

బోరిగుమ్మలో, చనిపోయిన క్లెమెంట్ కోసం ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన ముగిసింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. వరండాలో తండ్రి జీవానందం మాస్టారు, రాయగడ నుంచి వచ్చిన మేనకోడలు జాయ్. లోపల తల్లి దొర్కా గిన్నెలు సర్దుతోంది.

"ఆపగలవా లేదా, అదొక్కటే సెప్పమ్మి."

"ఏటి ఆపాలి మావయ్యా? ముందు అది చెప్పండి."

"మీ కంపెనీ కేరమ్స్ ఆట. ఫోన్లో ఆడతారే, అది. అందులో క్లెమెంట్ పేరింకా ఉంది."

"ఉంటుంది. ఎవరూ తీయమని అడక్కపోతే అలాగే ఉంటుంది."

"ఉండడం కాదు. ఆడతన్నాడు."

"ఎవరు?"

"క్లెమెంట్. మీ అత్త ఫోన్లో వాడి పేరు పక్కన పచ్చ సుక్క ఎలుగుతోంది. ఆటకి పిలిస్తే వస్తన్నాడు. ఎవడో వాడి పేరు దొంగిలించేడనుకున్నాను."

"అత్త ఆడుతోందా? బావతో?"

"ఆఁ. ఆవిడే. తల్లి కదా మరి."

"దొంగ కాదు మావయ్యా. అది బాట్. మిషను."

"మిషనుకి వాడి పేరెందుకు?"

"ఎలా చెప్పను... రోజూ వచ్చి ఆడేవాళ్లని మేం యాక్టివ్ అంటాం. రావడం మానేసినవాళ్లని చర్న్ అంటాం."

"సచ్చిపోయినోళ్లని?"

"దానికి వేరే మాట లేదు. చర్నే."

"విసుగొచ్చి మానేసినోడూ, మాచ్‌ఖండ్ ఘాట్‌ రోడ్డులో బండి జారి పోయినోడూ ఒకటేనా?"

"కంపెనీకి ఎలా తెలుస్తుంది? రాలేదు, అంతే. ఉన్నవాళ్లు పోకుండా పట్టి ఉంచడం రిటెన్షన్. నేను చేసేది అదే."

"మీ అమ్మ కంప్యూటరు ఉద్యోగమని ఊరంతా సెప్పుకుంది. ఇదా?"

"ఇదే. తెలిసినవాళ్లు కనబడకపోతే మిగతావాళ్లూ రావడం మానేస్తారు. అందుకని పోయినవాడి... మానేసినవాడి పేరు మీద బాట్‌ని కూర్చోబెడతాం. అతని పాత ఆటలు చూసి అతనిలాగే ఆడుతుంది. యాక్టివ్ లెక్క తగ్గదు."

"నేను కొత్తలో చేసిన బడికి ఇనస్పెక్షన్ వస్తే, పక్కూరి పిల్లల్ని తెచ్చి రానోళ్ల జాగాలో కూసోబెట్టీవోరు. ఎవరి పేరు పిలిచినా 'ఎస్ సార్' అనీవోరు."

"అలాంటిదే."

"వాళ్లకి మధ్యాన్నం అన్నమైనా పెట్టీవోళ్లం."

"మావయ్యా..."

"వాడు రెడ్డుని, అదే ఆ ఎర్ర బిళ్లని, ఆఖరిదాకా ముట్టుకోడు. సిన్నప్పట్నుంచీ అంతే కదా, నాకోసం ఒగ్గేసేవోడు. ఇదీ ఒగ్గేస్తంది."

"మీరెప్పుడు చూశారు?"

"మీ అత్త సెప్పింది."

"సరే. తీసేస్తాను. అత్తకి ఒక మాట చెప్పి..."

"సెప్పకు. ఆవిడ ఓర్సుకోలేదు. రేపు తెరిస్తే ఆ పేరు కనబడకూడదు, అంతే. కొన్నాళ్లు ఏడుస్తాది. తర్వాత..."

"తర్వాత?"

"తర్వాత ఏటుంది. ఏటీ లేదు."

"లాప్‌టాప్ తెచ్చాను, ఉండండి. ఇదిగో... క్లెమెంట్ బావ. యాక్టివ్. ఎదురుగా అత్త. రోజూ అత్తే. అమ్మో, ఇంతసేపా! పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం దాటేదాకా..."

"అవన్నీ సూడకు."

"అత్తకి ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ కదా?"

"సెలవు పెట్టింది. నువ్వు తీసీ ముందు."

"ఇంకొక్క నొక్కు. అది నొక్కితే పేరూ ఉండదు, పాత ఆటలూ ఉండవు. మళ్లీ తేలేను మావయ్యా."

"తెలిసిందమ్మి. నొక్కు."

"గిన్నెలన్నీ సర్దీసేను. ఇదిగో అమ్మి, టీ తాగు. ఇక్కడికొచ్చి కూడా ఆ కంప్యూటరేటి? ఏటి సూస్తన్నారు మావా కోడళ్లు?"

"ఏమీ లేదత్తా. మీరు మళ్లీ డ్యూటీకి ఎప్పుడెళ్తారు?"

"ఎప్పుడేటి? మట్టి సేసిన వారానికే ఎల్లిపోయేను. ఇంట్లో కూకుంటే మతి పోయేలాగుంది. బడికి ఎల్లనిది మీ మావయ్యే."

"దొర్కా, అమ్మాయికి బిస్కట్లు తే."

"పక్కనే ఉన్నాయి కదండీ."

"అత్తా, డ్యూటీలో ఫోను దగ్గరుంచుకోనిస్తారా?"

"ఆపరేషన్ థియేటర్లోకి తేనివ్వరమ్మి. ఇంట్లోనే ఒగ్గేసి ఎల్తాను. ఏటి, ఫోన్ సేసేవా?"

"లేదత్తా."

"మరెందుకు అలా సూస్తన్నావు మీ మావయ్యకేసి?"

"మావయ్యా... నొక్కమంటారా?"

"ఆగమ్మి. రేపు నొక్కు. పొద్దుట కూడికకి జనం వచ్చేసేరు, ఆట సగంలో ఉండిపోయింది. రెడ్డు ఇంకా బోర్డు మీదే ఉంది."