అళగిరిసామి బొటనవేలి గోరు

కోయంబత్తూరు దగ్గర అవినాశి పక్కన ఒక ఊళ్ళో కరెంటు స్తంభాలు ఇంకా నాటని కాలం. బావిలో నీళ్ళు పైకి రావాలంటే ఆయిల్ ఇంజనే గతి. ముత్తుసామి ఇంజను ఉన్నట్టుండి నల్లటి పొగ కక్కి చతికిలబడింది. దాన్ని బండి మీద ఇంటికి తెచ్చి, వీధి అరుగు, అదే తిణ్ణె, మీద గోనెపట్టా పరిచి, ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. నట్లు నానెయ్యడానికి పెళ్ళాం ధనభాగ్యం ఇడ్లీలు పెట్టే ఇత్తడి గుండాలోనే కిరసనాయిలు పోశాడు. మామూలు రోజైతే ఆమె ఇల్లు పీకి పందిరి వేసేదే. కానీ ఇప్పుడు చేలో పత్తి కాయపట్టి ఉంది, ఆకులు వాడి వేలాడుతున్నాయి.

కోయంబత్తూరు నుంచి కొత్త పిస్టను రింగులైతే వచ్చాయి. తేలాల్సింది ఒక్కటే, సిలిండరు లోపలి గోడ బాగుందా, గీత పడిందా అని. బాగుంటే రింగులు తొడిగి రేపే నీళ్ళు పెట్టొచ్చు. గీత పడితే సిలిండరును కోయంబత్తూరుకు మోయాలి. అక్కడ వాళ్ళు దాన్ని లోపల అరగదీసి నునుపు చేసి ఇచ్చేలోగా చేను ఎండిపోతుంది.

అందుకే ముత్తుసామి తన మేనమామ అళగిరిసామిని పిలిపించాడు. కోయంబత్తూరు మిల్లులో ఇంజను ఫిట్టరుగా చేసి వచ్చిన మనిషి. అన్ని గోళ్ళూ కత్తిరించుకునేవాడు గానీ కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచుకున్నాడు. వచ్చీ రాగానే తిణ్ణె మీద కూర్చుని, బిగుసుకుపోయిన సున్నపు డబ్బా మూతను ఆ గోటితోనే టక్కున లేపాడు. ఆకుకు సున్నం రాసుకుని, ఎందుకో వేలు ఒకసారి నోట్లో పెట్టుకుని చప్పరించి, చెయ్యి సిలిండర్లోకి దించాడు. పైనుంచి కిందికి గీశాడు. కిర్రుమంది.

"గీత," అన్నాడు. "పెద్ద గీత. దీని పని ముగిసిపోయింది."

ముత్తుసామి తల పట్టుకుని కూలబడ్డాడు. దీపం వత్తులకని గింజల నుంచి దూది తీస్తున్న ధనభాగ్యం దూదిని ఒళ్ళో పెట్టేసింది. ఆ చేనికి ఆమె ఎండలో వంగి కలుపు తీసింది, పసిబిడ్డను చూసినట్టు చూసుకుంది.

"ఇంకోసారి చూడండి మామా. ఆయన లాంతరు పెట్టి చూసినాడు. కంటికి ఏమీ కనపడలేదంట."

"కన్నా? కన్నేం చేస్తాది పాపా! మిల్లులో దొర అద్దాలు పెట్టుకుని, టార్చి పట్టుకుని, సిలిండరంతా చూసి ఆల్‌రైట్ అనేసినాడు, నేను ఊరికే అట్లా పోతా పోతా గోరు తగిలిస్తిని, నిలబడిపోయె గోరు, దొరా ఇక్కడ గీత ఉండాది అంటి, లేదనె, సరి, భూతద్దం తెప్పించి చూసె, ఏముండాది? పసిబిడ్డ వెంట్రుకలో సగం! దొర టోపీ తీసి చేత పట్టుకున్నాడు."

"తీసేసినాడా!" అన్నాడు ముత్తుసామి.

"ఆమా, తీసేసినాడు! అది చిన్నింజను. పెద్దింజను సంగతి వింటే మీరు అన్నం తినరు. దాని సిలిండర్లో పందిరి వేసి పెళ్ళి చేసి పంక్తి భోజనాలు పెట్టొచ్చు. నేను సద్దిమూట కట్టుకుని, లాంతరు పట్టుకుని లోపలికి పోతిని. గీత దొరికె. గోరు గీతలో పెట్టి దాని వెంటే నడుస్తా పోతిని, మధ్యాన్నం సద్ది తింటిని, మళ్ళా నడిస్తిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీకట్లో ఎదురుగా ఇంకొక ఫిట్టరు వస్తా ఉండాడు! గడ్డం మోకాళ్ళ దాకా ఉండాది. ఎవరయ్యా అంటే, మా తాత కాలంలో ఇదే గీత వెతకడానికి లోపలికి పోయినోడంట!"

"పెరుమాళ్ళా!" వినడానికి వచ్చి చేరిన పక్కింటి పెద్దాయన అప్పసామి చేతికర్ర కింద పెట్టేశాడు. "బయటికి తెచ్చినావా లేదా అళగిరీ?"

"తేకుండా? చెయ్యి పట్టుకుని నడిపించుకుని వస్తిని. గేటు కాడ వాడి పెండ్లాం వాణ్ణి చూసి, కూలి ఏదయ్యా అనె."

ఇది జరిగే పని కాదని ధనభాగ్యానికి తెలుసు. అయినా కాసేపు చేను కూడా మరిచిపోయింది. ముత్తుసామి అయితే నోరు మూయడం మరిచి మేనమామ బొటనవేలి వైపే చూస్తున్నాడు.

అళగిరిసామి ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తోసుకున్నాడు. "ఆ తర్వాత నాకు మిల్లుకు పోయే పనే లేకపోయె. తిరుప్పూరు స్టేషనులో రైలుపట్టా మీద గోరు ఆనిస్తే చాలు, కోయంబత్తూరులో ఏ సిలిండర్లో గీత పడినా జివ్వుమని భుజం దాకా వచ్చేది. నేను గోరు ఆనిస్తే స్టేషను మాస్టరు రైళ్ళు ఆపేసేవాడు, నాకు సద్దు కాకూడదని. అంతలో మదురై మిల్లువాళ్ళు కారు పంపినారు. ఆ రోజు నాకు కడుపు సరిలేదు. ఏం చేస్తినో తెలుసా? గోరు కొన కత్తిరించి, కవర్లో పెట్టి, తపాల్లో వేస్తిని!"

"గోటినా!" అన్నాడు ముత్తుసామి.

"గోటినేరా! వాళ్ళు కవరు చించినారో లేదో, నా గోరు ఒక్క దూకు దూకి సిలిండర్లో పడె, తానే వెతుక్కుంటా పోయె, గీత మీద కూర్చుని టక్కు టక్కుమని కొట్టె! ఆగు, ఇంకా ఉండాది. ఆ గీతను కింద నుంచి పైకి, వెనక్కి ఒక్కసారి రాసె చూడు, గీత మూసుకునిపోయె! మచ్చ కూడా లేదు. మిల్లు మిల్లంతా చేతులెత్తి దండం పెట్టినారు."

ముత్తుసామి నిజంగానే లేచి చేతులు జోడించాడు. ధనభాగ్యం గుండె ఎగిరిపడింది. ఆశ అంత చెడ్డది.

"అయితే మా గీతనూ వెనక్కి రాసెయ్యండి మామా," అంది. "చేను దక్కుతాది. మీ పేరు చెప్పుకుని బతుకుతాము."

అళగిరిసామికి పొలమారింది. దగ్గి, వీధిలోకి ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు. "అది... ఆ గోరు మదురైలోనే ఉండిపోయె పాపా. గాజుపెట్టెలో పెట్టి కర్పూరం చూపిస్తా ఉండారు. ఇది తర్వాత మొలిచింది. ఇది కనిపెడతాది, మూయలేదు."

"ఏదీ, చూపించండి."

ఆయన గర్వంగా బొటనవేలు చాచాడు. ధనభాగ్యం వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో సిలిండరు లోపలంతా పొడిగా తుడిచి, ఒళ్ళో ఉన్న దూది చిటికెడు తీసుకుని, పైనుంచి కిందికి మెల్లగా లాగింది. పొద్దుటి నుంచి దూదితోనే కూర్చుంది, అది దేనికి తగులుకుంటుందో ఆమెకు తెలుసు. ఇటు లాగింది, అటు లాగింది, చుట్టూ లాగింది. గోడ మీద ఒక్క పోగు కూడా నిలవలేదు.

అదే దూదిని అళగిరిసామి గోటి మీదుగా లాగింది. సున్నపు డబ్బా మూత కొరికిన చోట అంచు పెళుసై చీలి ఉంది. దూది అక్కడ తగులుకుని, తెల్లటి గడ్డంలా వేలాడింది.

"గీత సిలిండర్లో లేదు మామా. మీ గోట్లో ఉండాది."

అప్పసామి నవ్వుతూ పొట్ట పట్టుకుని తిణ్ణె మీద పక్కకు ఒరిగిపోయాడు. ముత్తుసామి అప్పటికే రింగులు చేతిలోకి తీసుకున్నాడు. ధనభాగ్యం ఇడ్లీగుండా వైపు చూసి, రేపు చింతపండు పెట్టి తోముకోవాలి అనుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అళగిరిసామి తన గోటినీ, దాని గడ్డాన్నీ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"చూస్తివా పాపా?" అన్నాడు. "గీత ఉండాదని చెప్పితినా లేదా? ఎక్కడుండాదని నన్ను ఎవరన్నా అడిగినారా?"