ఎవరి పైపు పైన

ఆఫీసు గదిలో పెద్ద బల్ల, దాని మీద కొత్త కాలనీ నక్షా, అందులో పార్కు మూల దగ్గర ఒకదాన్నొకటి దాటాల్సిన రెండు పైపులు. ఒక కొసన మురుగు పైపుల పని చూసే తండ్రి, ఇంకో కొసన మంచినీళ్ళ పైపుల పని చూసే మేనమామ. బావా బావమరుదులే, కానీ మాటల్లేక ఏడాదయింది. ఇద్దరి మధ్యా ఇరుక్కుని, ఇద్దరి మాటలూ మోస్తూ, నక్షాలు గీసే అమ్మాయి.

"...అందుకని అమ్మాయ్, మీ అమ్మ తమ్ముడికి చెప్పు. నా పైపు ఒక్క అంగుళం కూడా కిందికి దిగదు."

"మావయ్యా, నాన్న పైపు..."

"విన్నాన్లే అమ్మడూ, నాకు చెవుడు లేదు. నాదీ దిగదని మీ నాన్నగారికి చెప్పు. మంచినీళ్ళ పైపు మురుగు పైపు కిందనుంచి పోతే, పైది కారిన రోజున కాలనీ అంతా ఏం తాగాలో ఆయన్నే అడుగు."

"నాన్నా, మావయ్య..."

"కిందనుంచి పొమ్మని ఎవడన్నాడు? పైనుంచే పొమ్మను."

"పైన చోటెక్కడుంది? జానెడు మట్టి. ఇటుకల లారీ ఒకటి ఎక్కితే చాలు, పైపు పటుక్కుమంటుంది. లారీలని గాల్లో పొమ్మంటారేమో కనుక్కో."

"నాన్నా, లారీలని..."

"నా పైపు మొదలయ్యేదే ఆ పార్కు మూల దగ్గరని చెప్పు. మొదట్లోనే లోతుగా పెడితే, అదే వాలుతో చివరికి వెళ్ళేసరికి బావి తవ్వినట్టు తవ్వాలి. అక్కడంతా బండ. ఆ స్కేలు ఇటు ఇమ్మను, చూపిస్తా."

"స్కేలు మావయ్య మోచేతి కింద ఉంది నాన్నా. చెయ్యి చాపితే అందుతుంది."

"నేను చాపను. ఇమ్మను."

"ఇదిగో అమ్మడూ, ఇచ్చానని చెప్పు. అంత ఇబ్బందైతే వాలు కాస్త తగ్గించుకోమను."

"తగ్గిస్తే మురుగు ఎక్కడికక్కడ ఆగిపోతుంది."

"ఆగిపోవడం మీ నాన్నగారికి కొత్తేం కాదుగా."

"చూశావా. చూశావా అమ్మాయ్. మళ్ళీ ఆ బాత్రూం దగ్గరికే తెచ్చాడు."

"నేను బాత్రూం మాటే ఎత్తలేదు."

"ఎత్తక్కర్లేదు. వాడి కొత్తింట్లో దిగిన రోజున, చుట్టాలందరి ముందూ, నేను దగ్గరుండి వేయించిన నేల మీద గోలీ పెట్టి చూపించాడే, మర్చిపోతానా?"

"గోలీ తూము వైపు పోకుండా గుమ్మం వైపు పోతే, తప్పు గోలీదా, నాదా? అడుగు."

"గోలీ గుండ్రంగా ఉంటుంది, ఎటైనా పోతుందని చెప్పు."

"నీళ్ళు కూడా అటే పోయాయని చెప్పు."

"ఇద్దరూ కాసేపు ఊరుకుంటారా? నా నోరు నొప్పెడుతోంది. భోజనాలయ్యాక కాలనీ ఓనరు వస్తున్నారు. నక్షా తేలకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నారు."

"ఇచ్చుకోమను."

"ఆఁ, ఇచ్చుకోమను."

"అబ్బ, ఈ ఒక్కదాన్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. పోనీ మావయ్యా, ఆ బాత్రూం ఇప్పుడెలా ఉంది?"

"ఎలా ఉంటుంది? అలాగే ఉంది."

"అలాగే అంటే?"

"స్నానం చేశాక నీళ్ళు చీపురుతో తూములోకి తోసుకుంటున్నా."

"ఏడాదిగానా? మేస్త్రీని పిలిస్తే ఒక పూట పని కదా."

"వీలు పడలేదు."

"మీ వీధి నిండా మేస్త్రీలేగా?"

"వీలు పడలేదన్నానా లేదా? ... ఆ నేల మీ నాన్నగారు వేయించింది. ఇంకెవడో వచ్చి పగలగొడుతుంటే చూడబుద్ధి కాలేదు. చాలా?"

"అమ్మాయ్."

"చెప్పు నాన్నా."

"అసలే నడుం నొప్పి మనిషి. రోజూ వంగి చీపురు పడుతున్నాడా? అడుగు."

"పడుతున్నానని చెప్పు అమ్మడూ."

"బుద్ధుందా అని అడుగు."

"నువ్వే అడుగు నాన్నా. నేనిక్కడ లేను."

"లేకపోవడమేంటి, ఎదురుగా కూర్చుని?"

"లేనంతే. ప్రతి ఆదివారం అమ్మ మావయ్యకీ కలిపే వండుతోంది. వద్దంటే వినదు. సోమవారం ఆయన వాటా నా క్యారేజీలోకొస్తోంది. వండేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేను, ఆ తిండి నేను తినలేను. ఇక మీరూ మీరూ చూసుకోండి."

"ఏమోయ్."

"ఊఁ."

"బుద్ధుందా నీకు?"

"లేదు బావా."

"అందరి ముందూ గోలీ ఎందుకు పెట్టావురా?"

"సరదాకి బావా. అంత గుచ్చుకుంటుందనుకోలేదు. తప్పయిపోయింది."

"నేల వాలు నిజంగానే తప్పింది. ఆ గోలీ దొర్లుతుండగానే తెలిసింది నాకు. ఒప్పుకోవడానికే నోరు రాలేదు. ఆదివారం పొద్దున మనుషుల్ని తీసుకొస్తా, పగలగొట్టి మళ్ళీ వేద్దాం. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి మీ అక్క వండింది తిను."

"సరే బావా."

"హమ్మయ్య. అయితే ఇప్పుడు నేనో మాట చెబుతా. ఇద్దరూ తిట్టకూడదు."

"నువ్వు లేవుగా ఇక్కడ?"

"వచ్చేశాను. నాన్నా, ఆ పార్కు మూల దగ్గర ఎవరి పైపూ ఎవరినీ దాటక్కర్లేదు. మిగతా వీధుల్లో లాగా అక్కడ కూడా మంచినీళ్ళు ఎడమకి, మురుగు కుడికి పెడితే సరి, ఎవరి దారి వాళ్ళది. నేనే కావాలని అటూ ఇటూ మార్చి గీశాను. లేకపోతే మీరిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్ళా?"

"ఓసి నీ దుంపతెగ. చూశావట్రా దీని వేషాలు? ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాం, ఇంత చిన్న సంగతి ఇద్దరం కనిపెట్టలేకపోయాం."

"నాకు నక్షా విప్పగానే తెలిసింది బావా."

"తెలిసిందా? మరి పొద్దుట్నుంచి నాతో ఎందుకు కొట్టుకు చస్తున్నావు?"

"చెప్పేస్తే పని తేలిపోయేది బావా. ఇక లేచి వెళ్ళిపోవాల్సొచ్చేది."