డామినో బల్ల మీద ఎవెలియో యుద్ధం

ఆ చెక్కముక్క పారేయకు, యోస్వానీ. అదీ డామినోయే. రెండు వైపులా చుక్కల్లేని ముక్కకి బదులు నేనే చెక్కాను. అసలుదా? అది ఎవెలియో దగ్గరుంది. ఆఁ, వాడు పోయి ఏళ్ళయింది, అయినా వాడి దగ్గరే ఉంది. కూర్చో, చెప్తాను. కాఫీ చల్లారనివ్వకు.

మొన్ననేగా క్యూబా నుంచి మయామీ వచ్చావు, అక్కడ మీ బళ్ళో మా గురించి ఏం చెప్పుంటారో నాకు తెలుసు. కిరాయి మూక, దిగారు, దొరికారు, అంతేగా? నవ్వకు. క్యూబాలో దిగి సర్కారుని దించెయ్యమని అమెరికా వాళ్ళు మాకు గుట్టుగా తర్ఫీదిచ్చారు. నేనూ, ఎవెలియో, వాడి కొడుకు రమీరో ఒకే దళం. రమీరోకి వయసు చాల్లేదు. తండ్రి ఊఁ అంటేనే చేర్చుకుంటామన్నారు. వాళ్ళమ్మ ఓనేలియా వద్దంది. "నా పక్కనే ఉంటాడుగా" అని ఎవెలియో ఊఁ అన్నాడు. తీరా రేవులో ఇద్దర్నీ విడదీసి, పిల్లాణ్ణి మందుగుండు ఓడెక్కించారు. అవతలి విమానాలు దాన్ని పేల్చెయ్యడం మేం క్యూబా ఒడ్డున నిలబడి చూశాం.

తర్వాత జైలు, విడుదల, మళ్ళీ ఈ బల్ల. రోజూ ఆటయ్యాక ఎవెలియో ముక్కలు పరిచేవాడు. ఇదిగో, ఇలా. ఈ వరస తీరం. ఈ కాఫీ మరక చిత్తడి నేల. చక్కెర పొట్లాలు విమానాలు. చుక్కల్లేని ముక్క మందుగుండు ఓడ. వాషింగ్టన్ వాళ్ళది ఒకటే షరతురా: మా చెయ్యి కనపడకూడదు. అంత సైన్యాన్ని పెట్టుకుని చెయ్యి కనపడకుండా ఎలా? అందుకని ముందనుకున్న కొండల పక్క ఊరు మాన్పించి ఈ బురద చూపించారు. చీకట్లో దిగమన్నారు. అవతలి విమానాల మీద రెండో దాడి ఆపేశారు. ఎవెలియో వీటిల్లో రోజుకొకటి మార్చి ఆడేవాడు. "ఇవాళ పగలే దిగుతున్నాం, జరగండి" అనేవాడు. మాతో ఆడే లాసారో ఊరుకుంటాడా? "బూట్లు కుట్టేవాడివి, నువ్వు జనరల్‌వా?" "జనరల్స్ ఆడింది చూశాంగా, ఇక నన్నాడనీ."

పగలు దిగినా ఓడ మునిగేది. కొండల దగ్గర దిగితే మేం బతికేవాళ్ళం, ఓడ మునిగేది. గెలుపోటములు వాడికి పట్టేవి కావు, ఆ ముక్కనే చూసేవాడు. ఒకరోజు వచ్చి, "ఇవాళ వాషింగ్టన్ వాళ్ళు అన్నీ ఒప్పుకున్నార్రా" అన్నాడు. అబ్బ, ఆ ఆట! రెండో దాడికి అవతలి పొట్లాలన్నీ ఎగిరిపోయాయి. చక్కెర నా ఒళ్ళో, జనం చుట్టూ, లాసారో కుర్చీ ఎక్కి "హవానా, హవానా" అని కేకలు. నేను ముక్కలు ముందుకి తోస్తున్నాను. ఇక మందుగుండు ఒడ్డుకి చేరాలి. చూస్తే బల్ల మీద ఓడ లేదు.

"ఓడేదిరా ఎవెలియో?"

చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వాళ్ళు అన్నీ ఒప్పుకున్నారు. నేనే ఒప్పుకోలేదు. పిల్లాడు ఇంట్లో వాళ్ళమ్మ దగ్గరున్నాడు."

"మందుగుండు లేకపోతే ఓడిపోతాంరా" అన్నాను.

"ఓడిపోదాం" అన్నాడు.

ఆ ముక్క మళ్ళీ బల్ల మీదకి రాలేదు, ఆ జేబులోనే వాడితో పోయింది.

నీ వంతేరా. ఆడు.