ఇంటి వెనక చెట్లెన్ని?

ఫునాఫుటి దీవిలో ఫిబ్రవరిలో సముద్రానికి పెద్ద పోటొచ్చే రోజు, సాయంత్రం నాలుగు దాటింది. ఇంటి అరుగు మీద సులీత మామ్మ మనవరాలు తియాలేకి జడ వేస్తోంది, కోడలు లోనీస ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంది, అరుగు మెట్ల కింద నేలలోంచి ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి.

"నొప్పెడుతోంది మామ్మా! కాస్త వదులు చెయ్యి."

"చెయ్యను. కదలకుండా కూచో."

"కనుబొమ్మలు నడినెత్తికెక్కిపోతున్నాయి!"

"ఎక్కనీ. మళ్ళీ దిగుతాయిలే. వదులుగా వేస్తే అది జడేనా?"

"అత్తయ్యా, దాని జడ తరవాత. ఇటు చూడండి. ఫెలీ అయిదింటికల్లా చెప్పెయ్యమంది. మూడు ఊళ్ళు తిరిగి మూడిళ్ళు చూసి పెట్టింది పాపం. ఇవాళ ఏదో ఒకటి ఖాయం చెయ్యకపోతే మూడూ వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయంట. ఆస్ట్రేలియాలో దిగి నలుగురు పిల్లల్నీ వేసుకుని రోడ్డు మీద నిలబడమంటారా?"

"ఫెలీ అంటే మీ పెద్దమ్మ కూతురు, గుండ్రంగా ఉండేది, ఆ పిల్లేనా?"

"ఆ పిల్లే. ఇప్పుడు గుండ్రం తగ్గింది."

"అయ్యో. అక్కడ మంచి చేప దొరకదు కాబోలు."

"అత్తయ్యా!"

"చూపించవే, కాదన్నానా. ఇదేం ఊరు?"

"పేరుకి నా నోరు తిరగలేదు. ఎర్రమట్టి ఊరు అనుకుందాం. ఇదిగో ఇల్లు. ఇది బడి. ఇదేమో చర్చి, మనవాళ్ళు పది కుటుంబాలున్నారంట. నాలుగడుగులేస్తే సముద్రపు ఇసకే."

"ఇంటి వెనక చెట్లెన్ని?"

"చెట్లా? చెట్లేవీ కనపడట్లేదు. ఎందుకు?"

"నేల ఎంతెత్తు?"

"అదీ అడిగాను. చదునంట. మన నేలలాగే."

"చెట్టూ లేదు, మెట్టా లేదు. వద్దు."

"మామ్మా, మొదటి మెట్టు మునిగింది."

"మునుగుతుంది. పోయిన నెలా మునిగింది. రెండోది ఎక్కితే చెప్పు. ఇంకెక్కడికే కదులుతావ్, రిబ్బను కట్టలేదు. పెనీ ఎక్కడ?"

"తమ్ముడా? చేమగుంట దగ్గర చెల్లి లుటీతో ఆడుతున్నాడు."

"ఏం ఆడుకోడమో. ఉప్పునీళ్ళు దిగి చేమదుంపలన్నీ కుళ్ళిపోయాయి. మా అత్తగారు మోసిన ఎరువు, నేను మోసిన ఎరువు, అంతా ఉప్పుపాలే. మా అత్తగారు ఉంటేనా, సముద్రాన్ని నిలబెట్టి కడిగేసేది. ఆవిడకి పాస్టరు గారే భయపడేవారు. ఒకసారి ప్రార్థన మధ్యలో..."

"అత్తయ్యా, గంటలో చెప్పాలి."

"చెప్పు, చెప్పు. రెండోది చూపించు."

"ముందు గొంతు తడుపుకోండి. ఇదిగో కల్లు. పొద్దుటిదే, పులవలేదు."

"ఏ చెట్టుది?"

"బడి పక్క చెట్టుది. పందులదొడ్డి చెట్టుది మీరు ముట్టరని నాకు తెలీదా? దీవి మొత్తంలో తియ్యటి కల్లు దానిదే. మీ అబ్బాయి ఓడ దిగి ఇంటికొస్తే ముందు ఆ చెట్టే ఎక్కుతాడు. దానికీ మీకూ ఏం పగో!"

"నాకు పడదంతే. రెండోది చూపించమన్నానా?"

"ఇదిగో. దీన్ని రేవు ఊరు అనుకుందాం. ఇందులో బోల్డన్ని పడవలు. మీ అబ్బాయికి ఇదే ఇష్టం. వాళ్ళ ఓడ ఏడాదికి రెండుసార్లు ఇక్కడే ఆగుతుందంట. 'ఓడ మీంచి చూస్తే మన ఇంటి కప్పు కనపడుతుంది లోనీసా' అన్నాడు మొన్న ఫోనులో. నాకు ఏడుపొచ్చింది."

"వాడికి వాడి ఓడ బాగుంటే చాలు. చెట్లెన్ని?"

"ఇక్కడ ఉన్నాయి లెండి. తియాలే, లెక్కపెట్టి చెప్పు మీ మామ్మకి."

"ఒకటి, రెండు, మూడు... గోడ పక్కన ఇంకోటి. నాలుగు మామ్మా! పెద్ద పెద్దవి. మాకు తలా ఒకటి!"

"ఏవన్నావ్?"

"తలా ఒకటి. మేం నలుగురం కదా."

"ఆ ఊరు వద్దు."

"ఏంటత్తయ్యా, చెట్లు లేవని దాన్ని వద్దన్నారు. నాలుగున్నాయంటే దీన్నీ వద్దంటారేం?"

"వద్దంటే వద్దు. సముద్రం లేని ఊరే లేదా ఆ దేశంలో? మన దీవి ఈ చివర్నించి ఆ చివరికి నడిస్తే కాళ్ళు నొప్పెట్టవు. వాళ్ళది అంత పెద్ద నేల. నాలుగురోజులు లోపలికి పోయి కూచుంటే ఎవరు కాదన్నారు?"

"నేను కాదంటున్నాను."

"నువ్వా? పోయినేడు అర్ధరాత్రి నీళ్ళు రెండో మెట్టు ఎక్కినప్పుడు, చంటోణ్ణి నెత్తిన పెట్టుకుని రాత్రంతా వణికింది నువ్వు కాదూ?"

"నేనే. ఇప్పుడూ భయమే. కానీ ఇక్కడ నాకు తెలుసు. గాలి ఎటునించి వస్తోందో తెలుసు, నీళ్ళు ఏ మెట్టు మీద ఉన్నాయో తెలుసు. కళ్ళు మూసుకుని చప్పుడు విని చెప్తాను. నాలుగురోజుల దూరంలో కూచుంటే ఎలా తెలుస్తుంది? ఆయనున్నది సముద్రం మీదే. అది ఎలా ఉందో చూడకుండా నేను పడుకోలేనత్తయ్యా. నాకు అది కనపడుతూ ఉండాలి."

"చూస్తూ కూచుని ఏం చేస్తావ్?"

"ఏం చేస్తానో నాకేం తెలుసు! కనీసం ముందుగా తెలుస్తుంది."

"ముందుగా తెలిస్తే ఏవవుద్దో నాకు తెలుసు."

"ఏవవుద్ది?"

"ఏం లేదు. ఆ తాడు ఇటివ్వు. చాపల మూట బిగించాలి."

"ఆ మూటా మీరే కడుతున్నారా? అక్కడ దిగాక ఎవరు విప్పాలి? మీ అబ్బాయి మొదటిసారి ఓడెక్కినప్పుడు మీరు కట్టిన సంచి విప్పలేక మూడురోజులు ఒకే లుంగీతో ఉన్నాడు. చివరికి వంటవాడు కత్తితో కోశాడంట. ఓడలో అందరూ నవ్వారంట."

"నవ్వితే నవ్వారు. ఊడిపోలేదుగా?"

"ఊడిపోవడమా? మా పెళ్ళిచాప కూడా కోసే విప్పాం. ఆ కోత ఇప్పటికీ ఉంది."

"మామ్మా! రెండో మెట్టు!"

"వచ్చేసిందా? ఇంకా అయిదు కాలేదే. కోళ్ళని పైకి తోలు. జాగర్త, జారతావ్. చంటోడేడీ?"

"లోపల నిద్రపోతున్నాడత్తయ్యా. పైన కట్టిన ఉయ్యాల్లో. మూడో మెట్టు ఎక్కదులెండి. ఎప్పుడూ ఎక్కలేదు."

"ఎప్పుడూ ఎక్కలేదని నా చిన్నప్పుడూ అనుకున్నారు. ఆ మూడోదేదో చూపించి చావు, తొందరగా."

"మూడోది వద్దులెండి. నాకే నచ్చలేదు. గుట్ట మీద ఊరు. సముద్రం కింద ఎక్కడో, నీలంగీతలా ఉంది. దిగాలంటే ముప్పావుగంట నడవాలంట. ఎక్కాలంటే గంట. పిల్లలు ఈత మర్చిపోతారు. పైగా ఆ ఇంటి చుట్టూ గడ్డి తప్ప మొక్కనేది లేదు, బోడిగుండులా ఉంది. మీకెలాగూ చెట్లు కావాలిగా. రేవు ఊరే చెప్పేస్తాను. ఆయనా సంతోషిస్తాడు."

"ఆగు."

"టైమవుతోందత్తయ్యా!"

"ఆగమన్నానా? అదేంటా అరుపు?"

"పందులు. దొడ్డిలోకి నీళ్ళొచ్చినట్టున్నాయి."

"పందులు కాదు. లుటీ ఏడుస్తోంది. తియాలే! తియాలే, పెనీ ఏడీ?"

"ఇక్కడే ఉన్నాడు మామ్మా... ఇప్పుడే ఇక్కడ..."

"ఇక్కడంటే ఎక్కడే? చేమగుంట మునిగిపోయింది! గట్టేదో గుంటేదో తెలీట్లేదు! పెనీ! ఓరి పెనీ!"

"పెనీ! దేవుడా, పెనీ! అత్తయ్యా, మీరు దిగకండి, నేను వెళ్తా... పెనీ!"

"అమ్మా, అదిగో! దొడ్డిగోడ మీద! పందిపిల్లని ఎత్తుకుని కూచున్నాడు!"

"పట్టుకో! తియాలే, చెయ్యి పట్టుకుని తీసుకురా! లుటీనీ పట్టుకో! నడుస్తున్నాడా? నడుస్తున్నాడత్తయ్యా. హమ్మయ్య. హమ్మయ్య. నా గుండె ఇక్కడ లేదు. రా, ఇలా రా వెధవా! పందిపిల్ల మునిగిపోతుందనా వెళ్ళావ్? నువ్వు మునిగితే? నువ్వు మునిగితే ఎవడెత్తుకుంటాడ్రా నిన్ను? ఇక నువ్వు, తియాలే! చెప్పానా లేదా, వాళ్ళిద్దర్నీ చూసుకోమని? తొమ్మిదేళ్ళొచ్చాయి, నువ్వు పెద్దదానివి కాదూ? తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండలేవూ? వాడికేదన్నా అయితే..."

"దాన్ని అనకు!"

"మీరు ఊరుకోండత్తయ్యా, దానికి తెలియాలి..."

"దాన్ని ఒక్కమాట అన్నావంటే ఊరుకోను లోనీసా! అది పెద్దది కాదు. అది పిల్ల. వాణ్ణి చూసుకోవాల్సింది నువ్వూ నేనూ. అది కాదు. విన్నావా? తియాలే, ఇలా రా. ఏడవకు. నీ తప్పేం లేదు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడం నీ పని కాదు, ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు. లోపలికెళ్ళి తల తుడుచుకోండి. రొట్టె ఉంది, తినండి. తలుపు వేసుకో."

"పందిపిల్లో మామ్మా?"

"దాన్నీ తీసుకుపో. దానికీ తల తుడు. వెళ్ళు."

"అత్తయ్యా, ముందు మీరు కూచోండి. ఇన్నేళ్ళలో మీరు నా మీద ఎప్పుడూ ఇలా అరవలేదు."

"ఫెలీకి గుట్ట ఊరు చెప్పు."

"అక్కడ ఒక్క చెట్టూ లేదని చెప్పానుగా!"

"అందుకే చెప్పమంటున్నా. చెట్టుతో పని పడని ఊరు అదొక్కటే. చెప్పు."

"చెట్టుతో పనేంటత్తయ్యా... ఓ. ఓహో. మీ చిన్నప్పటి గాలివానా? మీ అబ్బాయి సెమీసి చెప్పాడు. పిల్లల్ని తాళ్ళతో చెట్లకి కట్టేశారని, మీ తమ్ముడు ఇసాకోని కట్టిన చెట్టు కూలిపోయిందని. దానికా ఈ లెక్కలన్నీ? అక్కడ అలా చెయ్యరత్తయ్యా. కార్లెక్కి వెళ్ళిపోతారు. మైకులో చెప్తారు."

"కారు ఎవరు తోలతారు? వాడు ఓడ మీద. నువ్వు సైకిలు తొక్కితేనే దారంతా కోళ్ళు పరిగెడతాయి. నీళ్ళు గుమ్మంలోకి వస్తే నీకు రెండు చేతులే. చంటోడొక చేతిలో, లుటీ ఒక చేతిలో. పెనీని ఎవరికిస్తావ్? నేను ముసల్దాన్ని. ఎవరికిస్తావో చెప్పు."

"తియాలే..."

"అదీ. నాలుక చివరే ఉంది చూశావా? మా అమ్మా అంతే. చంటిదాన్ని ఒంటికి కట్టుకుంది. చెల్లెల్ని చెట్టుకి కడుతోంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయి. ముందే తెలిసింది మాకు, పొద్దుణ్ణించీ చూస్తూనే ఉన్నాం. చూసి ఏం చేశాం? 'నువ్వు పెద్దదానివి, తమ్ముణ్ణి నువ్వు కట్టు' అని తాడు నా చేతిలో పెట్టింది."

"మీకెన్నేళ్ళు?"

"తొమ్మిది."

"అత్తయ్యా..."

"బాగానే కట్టాను. ఏడుసార్లు చుట్టాను. మా అమ్మ వచ్చి లాగి చూసింది, 'మా తల్లే, గట్టిగా కట్టావు' అంది. ఇప్పటికీ వినపడుతుంది. అని వెళ్ళి తన చెట్టు పట్టుకుంది. నేను పక్క చెట్టుకి కట్టుకున్నా. ఫోను చూడు, టైమెంత?"

"అయిదుకి అయిదు నిమిషాలు."

"చెప్పెయ్. ముందది చెప్పు."

"చెప్తున్నా. గుట్ట... మీద... ఇల్లు. వెళ్ళింది. చూసింది ఫెలీ. 'సరే అక్కా, మాట్లాడేస్తా' అంది. చాలా? ఇక సముద్రం నీలంగీతలాగే చూసుకుంటాను. సెమీసికి నేనే చెప్పుకుంటాను."

"చాలు."

"ఇక కళ్ళు తుడుచుకోండి. తొమ్మిదేళ్ళ పిల్ల. చెట్టు కూలితే మీరేం చేస్తారు?"

"మూడో మెట్టు తడిసింది."

"తడిసింది. ఇంకో పావుగంటలో పోటు తీస్తుందిలెండి. అటు చూడకండి. చెట్టు కూలితే ఎవరేం..."

"చెట్టు కూలలేదు."

"ఏంటి?"

"తెల్లారి చూస్తే ఊరంతా చెట్లు పడిపోయి ఉన్నాయి. ఏది ఎవరిదో ఎవరికి తెలుసు? వాటిలో ఒకదాన్ని చూపించి ఇదే అన్నాను. అమ్మ నమ్మింది. పాస్టరు గారు నమ్మారు. మీ మావయ్య నమ్మి నమ్మి పోయాడు. యాభైమూడేళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి కట్టిన చెట్టు ఇప్పటికీ నిక్షేపంలా నిలబడి ఉంది. నా కొడుకు ఓడ దిగి ముందుగా ఎక్కేది దాన్నే."

"పందులదొడ్డి చెట్టా!"

"ఆ చెట్టే."

"మరి... చెట్టు నిలబడితే... తాడు గట్టిగా కట్టారన్నారు, మీ అమ్మగారు కూడా లాగి చూశారన్నారు. మరి ఇసాకో ఎలా పోయాడత్తయ్యా?"

"అయిదేళ్ళ వెధవ. 'నొప్పెడుతోందక్కా, కాస్త వదులు చెయ్యి' అన్నాడు. చేశాను."